అలీజా వద్దంది

మెల్బోర్న్ శివార్లలోని వెర్రిబీలో, బడికి ముందు పిల్లలు వెళ్ళే ఒక కిండర్‌లో నాలుగేళ్ళ పిల్లల గది ఆండాళ్‌ది. ఆమె పుట్టింది తిరుపతిలో. పెళ్ళయి మెల్బోర్న్ వచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్‌లో కూరగాయలు సర్దింది. తర్వాత పసిపిల్లల చదువులో డిప్లొమా చేసి కిండర్‌లో చేరింది. నలభై దాటాక, ఇంట్లో అందరూ ఇప్పుడెందుకన్నా వినకుండా, యూనిలో, అంటే యూనివర్సిటీలో, మాస్టర్స్ మొదలుపెట్టింది.

ఎక్కడికో పోయి ఎవరినో పరిశీలించే చదువు కాదది. టీచరు తన గదిలోనే, తన పిల్లల మధ్యనే ఉంటూ, తను చేసే పనిని తనే ప్రశ్నించుకోవాలి. ఆండాళ్ పెట్టుకున్న ప్రశ్న చిన్నది: ఈ కిండర్‌లో పిల్లలకు ముఖ్యమైన చోట్లు ఏవి? పెద్దవాళ్ళు ఊహించుకునేవి కాదు, పిల్లలు చెప్పేవి. ఒక్కొక్కరి చేతికీ చిన్న కెమెరా ఇస్తుంది. వాళ్ళు తమకు ముఖ్యమైన చోటును ఫోటో తీసి, ఆమె చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకెళ్ళి చూపించాలి. ఎందుకో చెప్పాలనిపిస్తే చెప్పచ్చు, లేకపోతే లేదు.

దీని సంగతి ఇళ్ళవాళ్ళకు వివరించడానికి పిలిచిన రోజు, ఆ గదిలోని అలీజా అనే పిల్ల తరఫున వాళ్ళ అమ్మమ్మ రుఖయ్యా వచ్చింది. ఆమెది ప్రొద్దుటూరు. భర్త పోయాక, అలీజా పుట్టినప్పుడు కూతురు ఫరహ్ దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆండాళ్ చెప్పిందంతా విని ముక్కు మీద వేలు వేసుకుంది.

"పిల్లోళ్ళ మాటల మింద గూడా చదువుంటాదా టీచరమ్మా?"

"ఉంటాది ఆంటీ. పెద్ద చదువే."

"మా కాలంలో పిల్లోళ్ళు నోరు తెరిస్తే ముయ్యమనేటోళ్ళు. ఈడేమో దానికి డిగ్రీ ఇస్తా ఉండారా! అట్లయితే మా దానికి రెండియ్యాల. ఒక్క నిమిషం నోరు మూతపడదు" అని నవ్వింది రుఖయ్యా. ఒప్పుకుంటున్నామని అలీజా అమ్మానాన్నల చేత సంతకాలు పెట్టించి, కాగితం మర్నాడు పంపించింది.

రోజూ పొద్దున అలీజాను తెచ్చి దింపేదీ, మధ్యాహ్నం వచ్చి తీసుకుపోయేదీ ఆమే. పిల్లలకు అందకూడదని గేటు గడియ బాగా ఎత్తులో పెట్టారు. రుఖయ్యా పొట్టి మనిషి. బయట నిలబడి, మునివేళ్ళ మీద లేచి, గేటు మీదుగా చెయ్యి లోపలికి వేసి గడియ తీసేది. లోపలున్నవాళ్ళకు ముందు కనిపించేది గాజుల చెయ్యి ఒక్కటే. అమ్మమ్మను నానీ అనే అలీజా ఇసుకలో ఆట వదిలేసి "నానీ చెయ్యి!" అని కేకేసి పరుగెత్తేది. అందరితో ఇంగ్లీషు మాట్లాడే ఆ పిల్ల, అమ్మమ్మతో మాత్రం అచ్చం ప్రొద్దుటూరు తెలుగు మాట్లాడేది. "నానీ, ఆకలైతాండాది" అంటుంటే, ఆ మాట కోసమే ఆండాళ్ గేటు దగ్గర కాసేపు నిలబడిపోయేది.

ఆగస్టులో ఒక పొద్దున రుఖయ్యా వంటింట్లో పడిపోయింది. అంబులెన్సు వచ్చింది. ఆసుపత్రి నుంచి ఆమె తిరిగి రాలేదు. ఖననం కూడా అయిపోయాక, అలీజా తండ్రి ఖలీద్ కిండర్‌కు ఫోన్ చేశాడు. హైదరాబాద్ మనిషి, ఇంజనీరు, మాట తక్కువ.

"పాపకు చెప్పలేదు మేడం. నానీ ఇండియా పోయింది అని చెప్పినం. ఫరహ్‌కు ఆరో నెల. బీపీ మస్తు పెరిగిందన్నడు డాక్టర్. పాప అడుగుతుంటే, ఏడుస్తుంటే ఆమె తట్టుకోలేదు. డెలివరీ అయ్యేదాంక మీరు గూడ ఇట్లనే చెప్పాలె. ప్లీజ్."

"సరేనండీ" అంది ఆండాళ్.

వారం తర్వాత అలీజా వచ్చింది. ఇప్పుడు ఖలీద్ ఆఫీసుకు వెళ్తూ దింపుతున్నాడు. పిల్ల ఎప్పటిలాగే మాట్లాడుతోంది. నానీ ఇండియా వెళ్ళిందని అందరికీ చెప్పింది. పెద్ద విమానం ఎక్కిందంది. మామిడిపండ్లు తింటోందంది. బొమ్మలకు చెప్పింది, గదిలో బోనులో పెంచుతున్న గిన్నీపిగ్‌కు కూడా చెప్పింది. ఎవరూ అడగకపోయినా చెప్పింది.

మరో రెండు వారాలకు కెమెరా వంతు అలీజాకు వచ్చింది. అప్పటికే చాలామంది పిల్లలు తమ చోట్లు చూపించారు. ఒకడు మరుగుదొడ్డి లోపలి గొళ్ళెం చూపించి, అది వేస్తే ఎవరూ రారని చెప్పాడు. ఒక పిల్ల టీచర్ల కుర్చీ కింద చీకటిని చూపించింది. అలీజా కెమెరా పట్టుకుని నేరుగా గేటు దగ్గరికి నడిచింది. తల వెనక్కి వంచి, ఎత్తులో ఉన్న గడియను ఒక్క ఫోటో తీసింది. తర్వాత వచ్చి ఆండాళ్ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది.

"ఇదా నీ చోటు?" ఆండాళ్ ఆమె ఎత్తుకు సరిపోయేలా గొంతుక్కూర్చుంది.

"ఊ. నానీ చెయ్యి ఇక్కడి నుంచే వచ్చేది" అంది అలీజా ఇంగ్లీషులో. "ఇప్పుడు రాదు."

నానీ ఇండియా వెళ్ళింది కదా అనాలి ఆండాళ్. అలాగే చెప్తానని మాటిచ్చింది. కానీ నీకేది ముఖ్యమో చెప్పమని అడిగింది కూడా తనే. ఆ పిల్ల కళ్ళలోకి చూస్తూ అబద్ధం నోటికి రాలేదు.

అలీజా గేటు కమ్మీని వేలితో గీకుతూ, ఎవరూ వినకూడదన్నట్టు చెప్పింది. "నానీ డైడ్."

"ఎవరన్నా చెప్పారా?"

"ఎవరూ చెప్పలేదు. నానీ కళ్ళద్దాలు సొరుగులోనే ఉన్నాయి. అద్దాలు లేకపోతే నానీకి నా మొహం కూడా కనపడదు. విమానం ఎట్లా ఎక్కుతుంది?"

ఆండాళ్ ఆమె వీపు మీద చెయ్యి వేసింది. పిల్ల ఏడవడం లేదు. ముఖ్యమైన పని అప్పగిస్తున్న పెద్దమనిషిలా ఉంది మొహం.

"డోంట్ టెల్ మమ్మీ. నాకు తెలిసిపోయిందంటే మమ్మీ ఏడుస్తుంది. ఏడిస్తే బేబీకి ఏమైనా అయిపోతుంది. డాడీ ఫోన్లో ఎవరికో చెప్పాడు. అందుకే నేను ఇండియా, ఇండియా అని చెప్తున్నాను."

ఇద్దరూ గేటు పక్కన నేల మీద కూర్చున్నారు. లోపల పిల్లలు పాటలు మొదలుపెట్టినా లేవలేదు.

ఆ సాయంత్రం ఆండాళ్ పార్కింగ్‌లో కారులోనే కూర్చుని, మరిచిపోకముందే ఆ మాటల్ని ఫోన్‌లో టైప్ చేసుకుంది. చేస్తుండగా ఆమె మనసులో ఒక వెలుగులాంటిది వచ్చింది. ఏడాదిగా చదువుతున్న పుస్తకాలన్నీ చెప్పింది ఇదే. పెద్దలు పిల్లల్ని కాపాడుతున్నామనుకుంటారు. నిజానికి పిల్లలే... ఇది పెద్ద అధ్యాయం అవుతుంది అనుకుంది. ఆ వెంటనే, తను దేనికి సంతోషించిందో తెలిసి వేళ్ళు ఆగిపోయాయి. ఫోన్‌ను పక్క సీట్లో బోర్లించి కారు స్టార్ట్ చేసింది.

యూనిలో ఆమె సూపర్‌వైజర్ శాంతి ఫిజీ నుంచి వచ్చిన పెద్దావిడ. ఆండాళ్ ఫోన్ చేసి ఆమెకు విషయం చెప్పింది. "ఈ మాటల్ని పరిశోధనలోంచి పక్కన పెట్టు. ఆ పాప నిన్ను టీచరువని నమ్మి చెప్పింది. ముందు పాపకు ఏం కావాలో చూడు. పాపను అడగకుండా మాత్రం ఏమీ చెయ్యకు" అంది.

ఆండాళ్ అడిగింది. మమ్మీకి చెప్పేటప్పుడు నేను నీ పక్కనే ఉండనా అంది. వద్దంది అలీజా. డాడీకి చెప్పనా అంది. తల అడ్డంగా ఊపింది.

కానీ పిల్ల రోజురోజుకూ చిక్కిపోతోంది. లంచ్ డబ్బా మూత తీసి, తినకుండానే మళ్ళీ మూసేస్తోంది. గోళ్ళు రక్తం వచ్చేదాకా కొరుక్కుంటోంది. ఒకరోజు, కొత్తగా వచ్చిన టీచరు ఏమీ తెలియక "మీ నానీ ఎప్పుడొస్తుంది?" అని అడిగింది. అలీజా నవ్వి, నానీ ఇంకా మామిడిపండ్లు తింటోంది అని చెప్పి, వాష్‌రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకుంది. మొహం కడిగింది ఆండాళే. ఆ తడి మొహం చూశాక ఇక ఊరుకోలేకపోయింది.

అదే రోజు మధ్యాహ్నం ఖలీద్ వచ్చినప్పుడు, పిల్లను మరో టీచరు దగ్గర ఉంచి, ఆయనతో పార్కింగ్ దాకా నడిచింది.

"అలీజా సరిగా తినడం లేదండీ. నానీ సంగతి ఇంట్లో మీరే మెల్లగా చెప్తే మంచిదేమో అనిపిస్తా ఉండాది."

"చెప్పినం కద మేడం, ఇప్పుడు కాదని. డెలివరీ కానీయండి."

"అంతదాకా అది మోయలేదండీ."

ఖలీద్ ఆగాడు. "ఏం మోయలేదు? మీకేమన్న చెప్పిందా?"

ఆండాళ్ జవాబివ్వలేదు. చెప్పలేదని అనలేకపోయింది. ఆ మౌనమే చెప్పేసింది.

ఆయన మొహం ఎర్రబడింది. "మీ కెమెరా, మీ ప్రశ్నలు! గుచ్చిగుచ్చి అడిగిన్రా నా బిడ్డను? మా అత్తమ్మ పోయి రెండు నెలలు గూడ కాలేదు. మా ఇంట్ల ఏడుపు మీకు యూని ప్రాజెక్టా?"

"అట్లా కాదండీ..."

"ఇగ చాలు. నా బిడ్డ ఫోటోలొద్దు, మాటలొద్దు. ఒక్కటి గూడ మీ దాంట్ల ఉండొద్దు."

మర్నాడు పొద్దున అలీజా బ్యాగు తగిలించి, కోటు విప్పి, తిన్నగా ఆండాళ్ ఎదుటికి వచ్చి నిలబడింది. "యూ టోల్డ్" అంది.

రాత్రి నాన్న అడిగాడట, నానీ సంగతి నీకెవరు చెప్పారని. నానీ ఇండియాలో ఉందిగా డాడీ అని చెప్పిందట. ఆ మాటా తనే చెప్పింది, చదివిన పాఠం అప్పజెప్పినట్టు.

"అవును, మీ నాన్నకు నావల్లే తెలిసింది. సారీ అలీజా" అంది ఆండాళ్.

అలీజా ఒక క్షణం చూసింది. తర్వాత ఇసుక దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మళ్ళీ ఆమె చెయ్యి పట్టుకోలేదు. అడిగినదానికి అవును, కాదు అనేది. అంతే.

నాలుగు రోజుల తర్వాత ఫరహ్ వచ్చింది. కిండర్‌కు ఆమె రావడమే అరుదు. మొహం వాచి, కాళ్ళు వాచి, మెట్లు ఎక్కలేక ఆయాసపడుతోంది. ఆండాళ్ స్టాఫ్ రూమ్‌లో కూర్చోబెట్టి నీళ్ళు ఇచ్చింది. ఖలీద్ పిల్లను అడుగుతున్నప్పుడు పక్క గదిలోంచి విన్నానంది ఫరహ్.

"అది 'నానీ ఇండియాలో ఉంది డాడీ' అంటా ఉంటే, దాని గొంతు మా అమ్మ గొంతు మాదిరే ఉండాది అక్కా. మా నాన్న పోయినప్పుడు అమ్మ గూడా మా ముందర అట్లనే మాట్లాడేది. ఏం కాలేదు, ఏం కాలేదు అని." ఫరహ్ గ్లాసు కింద పెట్టింది. "ఆయనను అడిగితే మీతో మాట్లాడింది చెప్పినాడు. నా బిడ్డ నన్ను కాపాడతా ఉండాదంట. నాలుగేళ్ళ పిల్ల. ఆ ఇంట్లో తల్లి నేనా, అదా?"

ఆండాళ్ ఆమె పక్కకు జరిగి చెయ్యి పట్టుకుంది.

"ఎట్ల చెప్పాల అక్కా దానికి? మీరు చదువుకున్నోళ్ళు, చెప్పండి."

"నాకూ తెల్దు ఫరహ్. నువ్వు ఏడ్చినా నీకేం కాదని దానికి తెలియాల. అంతవరకే నాకు తెలుసు."

ఆ ఆదివారం ఫరహ్, ఖలీద్ పిల్లను ఖబరస్తాన్‌కు, అమ్మమ్మ సమాధి దగ్గరికి తీసుకువెళ్ళారు. అక్కడ ఏం జరిగిందో తర్వాత ఫరహ్ ఫోన్‌లో చెప్పింది. ఇంకా రాయి పెట్టలేదు, మట్టిదిబ్బ, ఒక నంబరు పలక ఉన్నాయంతే. అలీజా చుట్టూ తిరిగి చూసింది. "నానీకి అద్దాలు పెట్టారా?" అని అడిగింది. పెట్టలేదని చెప్పలేక ఫరహ్ అక్కడే కూలబడి గట్టిగా ఏడ్చేసింది. ఇన్నాళ్ళుగా లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారి వచ్చేసింది. అలీజా పరుగెత్తుకొచ్చి, తల్లి కడుపును రెండు చేతులతో గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. ఖలీద్ వచ్చి ఎంత చెప్పినా చేతులు తియ్యలేదు. ఫరహ్ ఏడుపు దానంతట అది ఆగేదాకా అట్లాగే పట్టుకుని ఉంది. తర్వాత కళ్ళు తెరిచి, "బేబీ ఉందా?" అంది. ఉందని బేబీ లోపలి నుంచి తన్ని చూపించాక, అప్పుడు ఏడ్చింది అలీజా. కారులో ఏడ్చింది, ఇంటికొచ్చాక అమ్మమ్మ మంచం మీద పడుకుని ఏడ్చింది.

నవంబరులో కొడుకు పుట్టాడు. ఫుర్కాన్ అని పేరు పెట్టారు. తల్లీబిడ్డా క్షేమం. అలీజా లంచ్ డబ్బా మళ్ళీ ఖాళీ అవుతోంది. కానీ కిండర్‌లో తెలుగు మాట ఒక్కటి కూడా మాట్లాడటం లేదు. ఆండాళ్ తెలుగులో పలకరిస్తే ఇంగ్లీషులో జవాబిచ్చి పక్కకు తప్పుకుంటోంది. ఇంట్లో కూడా అంతేనట.

డిసెంబరులో ఖలీద్ ఒక మధ్యాహ్నం ఆండాళ్‌ను పక్కకు పిలిచాడు. పెర్త్‌లో ఉద్యోగం వచ్చిందట. అక్కడే హారిస్‌డేల్‌లో ఇల్లు చూసుకున్నారట, సంవత్సరాంతానికి వెళ్ళిపోతున్నారు.

"ఆ రోజు మీతోటి బాగ మాట్లాడలేదు నేను. తప్పయింది" అన్నాడు నేల చూస్తూ. "అలీజా చెప్పింది మీ థీసిస్‌ల పెట్టుకోండి. అందరు తల్లిదండ్రులకు తెలిస్తే మంచిదే. ఎక్కడ సంతకం పెట్టాల్నో చెప్పండి, పెడ్త."

"మీరు సరేనన్నారు, థాంక్సండీ. కానీ అలీజాను కూడా అడగాల."

"అది చిన్న పిల్ల మేడం."

"మాటలు దానివి కదండీ" అంది ఆండాళ్.

ఆఖరి వారంలో అలీజా ఒంటరిగా, బొమ్మలు వేసే ఈజిల్ దగ్గర రంగులు వేస్తుంటే వెళ్ళి పక్కన కూర్చుంది. ఆ రోజు గేటు దగ్గర నువ్వు చెప్పిన మాటల్ని, నీ పేరు లేకుండా, ఒక పుస్తకంలో రాయనా అని అడిగింది. పెద్ద యూనిలో టీచర్లు చదువుతారనీ, పిల్లలకు ఏమేం తెలుస్తాయో వాళ్ళు నేర్చుకుంటారనీ చెప్పింది. వద్దన్నా నాకేం కోపం రాదంది.

అలీజా బ్రష్‌ను నీళ్ళలో ముంచి, చాలాసేపు తిప్పింది.

"నో" అంది. ఆ తర్వాత, ఆండాళ్‌కు అర్థం కాలేదేమోనన్నట్టు మెల్లగా, "అది నీకు చెప్పాను. వాళ్ళకు కాదు. నువ్వు మళ్ళీ చెప్పేస్తావు" అంది.

"చెప్పను" అంది ఆండాళ్. "ఈసారి చెప్పను."

అలీజా నమ్మినట్టు లేదు. నమ్మనట్టూ లేదు. కాగితం మీద పచ్చరంగు వేసుకుంటూ పోయింది.

ఆ సాయంత్రమే ఆండాళ్ ఫోటోను, టైప్ చేసుకున్న మాటల్ని తీసేసింది. తీసేశానని మర్నాడు పిల్లకు చెప్పింది. "ఓకే" అంది అలీజా. చివరి రోజు పిల్లలంతా ఆండాళ్‌ను కావలించుకుని వెళ్ళారు. అలీజా తండ్రి చెయ్యి పట్టుకుని, వెనక్కి తిరిగి ఒకసారి చెయ్యి ఊపి కారెక్కింది.

థీసిస్ మరుసటి ఏడు జూలైలో, అక్కడి శీతాకాలంలో పూర్తయింది. గొళ్ళేలు, కుర్చీల కింద చీకట్లు, గిన్నీపిగ్ బోను, అన్నీ ఉన్నాయి అందులో. బాగుందన్నారు, మంచి మార్కులిచ్చారు. యూనిలో దాని గురించి మాట్లాడిన రోజు ఒక కుర్రటీచరు లేచి, "పిల్లలకు వద్దనే హక్కు ఉందన్నారు కదా. ఎవరైనా నిజంగా వద్దన్నారా?" అని అడిగింది. "ఒక పాప అంది" అంది ఆండాళ్. ఇంకేదో చెప్తుందని అందరూ చూశారు. నీళ్ళు తాగి, తర్వాతి ప్రశ్న అడగమంది. వెనక వరుసలో కూర్చున్న శాంతి తల వంచుకుంది.

ఆ వారంలోనే ఫరహ్ పెర్త్ నుంచి ఫోన్ చేసింది. ఫుర్కాన్‌కు పళ్ళు వస్తున్నాయంది. కొత్త ఊరు, కొత్త మనుషులు, అలవాటవుతోందంది. తర్వాత గొంతు తగ్గించింది.

"అలీజా బడిలో ఎవురితోనూ మాట్లాడదంట అక్కా. చదువుతాదంట, బొమ్మలు బాగేస్తాదంట. ఏమన్నా అడిగితే మాత్రం తలకాయ ఊపుతాదంట, అంతే. దాని టీచరు అడిగింది, ఇంట్లో గూడా ఇంతేనా అని. ఏం చెప్పాల? మా అమ్మ ఉన్నప్పుడు ఇది వసపిట్టని నేను చెప్తే వాళ్ళు నమ్ముతారా? మీతో మాట్లాడుతుందేమో చూడండి అక్కా, ఇస్తాను."

ఫోన్ చేతులు మారిన చప్పుడయింది. అవతల చిన్న ఊపిరి వినిపించింది.

"అలీజా, నేను ఆండాళ్‌ను" అంది. జవాబు రాలేదు.

అడగడానికి ఎన్నో ఉన్నాయి. కొత్త బడి ఎట్లా ఉంది, నీ పక్కన ఎవరు కూర్చుంటారు, ఎందుకు మాట్లాడటం లేదు. ఆండాళ్ ఒక్కటి కూడా అడగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఫోన్ చెవికి ఆనించుకుంది. అవతల ఎక్కడో ఫుర్కాన్ ఏదో నేలకేసి కొడుతున్నాడు. కుళాయి తిరిగింది, ఆగింది. చిన్న ఊపిరి అట్లాగే ఉంది. కొంతసేపటికి ఫోన్ మళ్ళీ ఫరహ్ చేతిలోకి వెళ్ళింది.

"ఏమన్నా మాట్లాడిందా అక్కా?"

"లేదు ఫరహ్" అంది ఆండాళ్. "అది అడిగినప్పుడల్లా ఫోన్ దానికియ్యి, మాట్లాడకపోయినా సరే. నేను ఇంట్లోనే ఉంటాను."